అరవై ఒకటో పేజీ

మెహ్రీన్ నిన్న సాయంత్రం ఐదింటికల్లా పర్ణశాల రోడ్డు ఎక్కాలి. ఎక్కలేదు.

ఇవాళ పొద్దున ఏడున్నరకు దొంతిగుంపు అనే అడవి పల్లెలో, నాగక్క ఇంటి పందిరి కింద, ఆ అమ్మాయి తండ్రి జహూర్ నిలబడి ఉన్నాడు. నాగక్క నులకమంచం వాల్చి రెండుసార్లు కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. ఆయన పక్కనే వెంకటరామారావు కూడా నిలబడ్డాడు, జహూర్ నిలబడి ఉండగా తాను కూర్చుంటే బాగుండదని. ఇద్దరూ తెల్లవారకముందే మధిరలో కారెక్కి వచ్చారు. దారి పొడుగునా జహూర్ ఒకే మాట నాలుగైదుసార్లు అన్నాడు. "మీరు పూచీ అన్నరు కాబట్టి పంపిన రావుగారూ." కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

పూచీ అన్న మాట నిజమే. అడవి దారిన పర్ణశాలకు నడుస్తానని ఆ అమ్మాయి అంటే, దారికి తనది పూచీ అని జహూర్‌కు చెప్పింది ఆయనే.

వెంకటరామారావుకు మధిరలో ఎరువుల దుకాణం. చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగింది. యాభై నాలుగో ఏట షుగర్ వచ్చిందని, రోజూ ఓ అరగంట నడవమని డాక్టరు చెబితే, ఈయన కిందటేడు మే నెలలో దుకాణం తమ్ముడికి అప్పగించి మధిర నుంచి పర్ణశాల దాకా తొమ్మిది రోజులు నడిచాడు. నడిచినంత దూరం ఫేస్‌బుక్‌లో రాశాడు. ఏ ఊళ్ళో ఎవరు మజ్జిగ ఇచ్చారో, ఏ బడి వరండాలో పడుకున్నాడో, కాలి బొబ్బ ఎన్నో రోజు పగిలిందో, అన్నీ రాశాడు. ఇంటికొచ్చాక మూడు నోటుబుక్కులు నింపి, రైల్వే స్టేషన్ రోడ్డులో జెరాక్స్, డీటీపీ పని చేసే జహూర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ కోడికాళ్ళ రాతను ఓపికగా టైపు కొట్టింది జహూర్ కూతురు మెహ్రీన్. ఇల్లందులో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చేదాకా ఆ అమ్మాయి తండ్రి దుకాణంలోనే కూర్చునేది.

పుస్తకం పేరు 'నా కాళ్ళే నా బండి'. రెండు వందల కాపీలు. సత్తుపల్లి, కొత్తగూడెం, ఖమ్మం, ఎవరడిగితే వాళ్ళకి బస్సు పార్శిల్‌లో పంపాడు. కాపీలు అయిపోయాక పీడీఎఫ్ వాట్సాప్‌లో పెట్టాడు. 'నడక మిత్రులు' అని గ్రూపు పెడితే మూడు వందల మంది చేరారు. కొందరు పుస్తకం చంకలో పెట్టుకుని కొత్తగూడెం దాకా నడిచి ఫోటోలు పెట్టారు. అడవి భాగం మాత్రం ఎవరూ నడవలేదు. కానీ అందరికీ నచ్చింది అదే. అరవై ఒకటో పేజీ. దొంతిగుంపు దాటాక, బీడీల తునికాకు ఆరబెట్టే కల్లం దగ్గర్నుంచి పర్ణశాల రోడ్డు దాకా, పదకొండు కిలోమీటర్లు. అది చదివి కళ్ళల్లో నీళ్ళొచ్చాయని ఓ రిటైర్డ్ హెడ్‌మాస్టర్ కొత్తగూడెం నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ పదకొండు కిలోమీటర్లు వెంకటరామారావు నడవలేదు.

ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఆయనకూ, పేరు కూడా అడగని ఓ ట్రాక్టరు డ్రైవరుకూ. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, కల్లం దగ్గరికి వచ్చేసరికి రెండు అరికాళ్ళూ పచ్చిపుండ్లు. ఎండ నలభై అయిదు. కల్లందారు కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆకు బస్తాలు వేసుకుని ట్రాక్టరు పర్ణశాల రోడ్డుకు బయలుదేరుతోంది. ఎక్కమన్నారు, ఎక్కాడు. కొమ్మలు కండ్లల్ల కొడతయ్, మొఖం ఎనకకు పెట్టి కూసో సారూ అని డ్రైవరు చెబితే, బస్తాల మీద అట్లాగే కూర్చుని, ఊగిపోతున్న చేత్తో కనబడ్డవన్నీ నోటుబుక్కులో గీసుకున్నాడు. రాత్రి పర్ణశాలలో ఫోన్ తెరిస్తే నాలుగు వందల మంది ఎదురుచూస్తున్నారు. అడవి కూడా నడిచేశారా సార్ అని ఒకాయన అడిగాడు. 'ట్రాక్టరు' అని టైపు చేశాడు. చెరిపేశాడు. 'నడిచాను' అని పెట్టాడు. ఆ ఒక్క మాట పెట్టాక మిగతాదంతా దాని వెనకాలే వచ్చింది.

నాగక్క మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. నిన్న పొద్దున తొమ్మిదింటికి పిల్ల వచ్చింది. జావ తాగింది. ఫోన్‌లో సిగ్నల్ లేదని నవ్వింది. ఒక్కదానివి పోకు, నా కొడుకు సంత నుంచి వస్తడు, వాడొచ్చేదాకా ఆగు అంటే ఆగలేదు.

"బుక్కుల అంతా రాసుంది అక్కా, తిరిగే కాడల్లా రాసుంది, అన్నది. సంచిల నుంచి తీసి సూపెట్టింది గూడ. నాకు సదువు రాదాయె. మంచిదమ్మా అన్న."

నాగక్క అన్నయ్య దూలయ్య గోడకు ఆనించిన వెదురుకర్ర తీసుకున్నాడు. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా ఆ అడవిలో ఆకు కోస్తున్నాడు. ఆయన చూపు ఉత్తరం దిక్కున ఉంది. అక్కడ ఆకాశం నానిన గోడలా నల్లగా ఉంది. పైన ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో రాత్రంతా వాన కొట్టిందని, పొద్దెక్కేసరికి వాగుకు వరద వస్తుందని చెప్పాడు. మండలం పోలీసులకు కబురు పోయింది, వాళ్ళూ బయలుదేరారు, కానీ వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అంతదాకా ఆగేది లేదు. నాగక్క ఊళ్ళోనే ఉండాలి, పిల్ల వెనక్కి వస్తే చూసుకోడానికి. మిగతా ముగ్గురూ నడవాలి.

"పర్ణశాల దిక్కు పోయే బాట ఒక్కటే," అన్నాడు దూలయ్య. "కల్లం కాడ కుడికి. ట్రాక్టర్ బాట. కాలు గిట్ల మడతపడి యాడనో కూసోనుంటది. నువ్వు నడిచినవ్ గదా సారూ, గదే బాటనే గదా?"

"అదే," అన్నాడు వెంకటరామారావు.

ఆ మాట నోటివెంట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఏడాదిగా అంటున్న మాటే కదా.

కల్లం రెండు కిలోమీటర్లు. మేలో అక్కడ తునికాకు కట్టలు వరసలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి, గుడిసె ఉంది, కుండ ఉంది, మనుషులున్నారు. ఇప్పుడు మోకాలెత్తు గడ్డి మొలిచిన ఖాళీ జాగా. గుడిసె పాతిన నాలుగు గుంజలు తప్ప ఏమీ లేదు. అవతల గుట్ట మొదలవుతుంది. గుట్టకు ఇటొక బాట, అటొక బాట. దూలయ్య ఆగకుండా కుడి బాట పట్టాడు.

జహూర్ కాళ్ళకు దుకాణంలో వేసుకునే చెప్పులే ఉన్నాయి. తడి ఆకుల మీద జారుతున్నాడు. పది అడుగులకొకసారి కూతుర్ని పేరుపెట్టి పిలుస్తున్నాడు. పిలిచి ఆగి వింటున్నాడు. ఏదో పిట్ట పలికితే దానికేసీ చూస్తున్నాడు.

వెంకటరామారావు వెనకాల నడుస్తున్నాడు. కాళ్ళు నడుస్తున్నాయి కానీ మనసు ఒక చోట తట్టుకుంటోంది. ఈ బాట ఆయన చూసిందే. కానీ ఒక్క చెట్టూ గుర్తు రావడం లేదు. అప్పుడు ప్రతి చెట్టూ ఆయన్ను దాటి వెనక్కి పోయాకే కనబడింది. ఇప్పుడు ఎదురొస్తోంది. ఎదురొచ్చే చెట్టు వేరు, వెనక్కి పోయే చెట్టు వేరు. అంతేలే అనుకున్నాడు. అర కిలోమీటరు పోయాక ఎడమ పక్కకు చూశాడు. గుట్ట. బాటతో పాటే నల్లగా, తడిగా సాగుతోంది.

ఎడమ పక్కన.

పుస్తకంలో గుట్ట మీద ఒక వాక్యం ఉంది. దాన్ని గ్రూపులో ముగ్గురు స్టేటస్ పెట్టుకున్నారు. ఆయనకు అది నిద్రలో కూడా వస్తుంది. 'కుడిచేతి పక్కన గుట్ట పెద్దన్నలా నాతో పాటే నడిచింది.'

నడక ఆగిపోయింది. పైజేబులోంచి ఫోన్ తీశాడు. తెర మీద చినుకులు పడుతున్నాయి. చొక్కాకు తుడిచి పీడీఎఫ్ తెరిచి అరవై ఒకటికి వెళ్ళాడు. కుడిచేతి పక్కనే. దానికి పై వాక్యం: 'కల్లం దగ్గర ఎడమకు తిరిగాను.'

ఎడమకు.

ఆయనకు అప్పుడు అర్థమైంది. ముఖం వెనక్కి పెట్టి కూర్చున్నాడు. ట్రాక్టరు కుడికి తిరిగితే అది ఆయనకు ఎడమచేతి వైపయింది, ఎడమ అని రాసుకున్నాడు. గుట్ట ఆయన కుడిచేతి వైపు కనబడింది, కుడి అని రాసుకున్నాడు. ఒక్క మాట కాదు. పేజీ మొత్తం తిరగబడి ఉంది. ఏడాదిలో ఒక్కసారి కూడా తోచలేదు. నడిచినవాడికైతే తోచేది. కాళ్ళకు గుర్తుంటుంది.

మెహ్రీన్ ఎడమకు పోయింది.

ముందు జహూర్ గొంతు వినబడుతోంది. "మెహ్రీన్, బేటా." ఆయన వేసే ప్రతి అడుగూ కూతురికి దూరంగా పడుతోంది. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ అడవిలో ఒక్కడే. నోరు తెరిస్తే ఏం పోతుందో వెంకటరామారావుకు తెలుసు. పుస్తకం పోతుంది. గ్రూపు పోతుంది. హెడ్‌మాస్టర్ కన్నీళ్ళు పోతాయి. ఇరవై ఏళ్ళ స్నేహం పోతుంది. అప్పుడు కూడా ఆయన మనసు, సిగ్గులేనిది, చిన్న సందు ఒకటి వెతికింది. దొరికింది.

"జహూర్ భాయ్, ఒక్క నిమిషం. దూలయ్యా, ఆగండి. ఇక్కడేదో... కల్లం దగ్గర ఎడమకు అని పడింది పుస్తకంలో. నేను కుడి అనే రాసుంటాను. టైపింగ్‌లో తప్పు పడినట్టుంది."

జహూర్ వెనక్కి వచ్చాడు. వాన నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి.

"టైపు కొట్టింది మెహ్రీన్," అన్నాడు.

వెంకటరామారావు ఫోన్ తెర మళ్ళీ చొక్కాకు తుడిచాడు.

"నా బిడ్డ మీ రాత ఒక్కొక్క అక్షరం రెండుసార్లు చూసుకుంట కొట్టింది రావుగారూ. అర్థం కానికాడ మీకు ఫోన్ చేసింది." ఆ మాట అన్నాక ఆయన ముఖంలో ఏదో కుంగింది. "కొట్టిందేమో మరి. నిద్రల కొట్టిందేమో. తన తప్పు తనకే..." అని ఆపేశాడు.

దూలయ్య మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒక్క మాట తప్పు పడితే ఏం కాదన్నాడు. పిల్ల ఎడమకు పోయినా, రెండు మలుపులు తిరిగేసరికి పుస్తకంలో ఉన్నదేదీ అక్కడ కనబడదు. చదువుకున్న పిల్ల. తిరిగి కల్లం కాడికొచ్చి ఈ బాటే పట్టుంటుంది. పోదాం, ముందుకే అని కర్ర ఎత్తాడు. జహూర్ కూడా కదిలాడు.

సందు మూసుకుపోయింది. సగం నిజం చెబితే సగం దారి కూడా తిరగలేదు ఎవరూ. ఉత్తరం దిక్కున ఉరిమింది. వెంకటరామారావు ముందుకు పరుగెత్తి దూలయ్య చేతికర్ర పట్టుకున్నాడు.

"వెనక్కి రాదు. ఆ పిల్ల వెనక్కి రాదు. అటుపక్క కూడా అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి. గుట్ట కుడిచేతి పక్కన అని రాశాను. ఆ బాటన పోతే గుట్ట కుడిచేతి పక్కనే ఉంటది కదా."

"అవ్, ఉంటది," అన్నాడు దూలయ్య. "గానీ నువ్వు నడిచింది గీ బాట. గీ బాటల గుట్ట ఎడమకున్నది. మరి కుడి అని ఎట్ల రాసినవ్ సారూ? తలకాయ మీద నడిచినవా?"

"నడవలేదు."

వెంకటరామారావు పట్టుకున్న కర్ర వదిలేశాడు.

"నేను నడవలేదు. ట్రాక్టరెక్కాను. ఆకు బస్తాల మీద, ముఖం వెనక్కి పెట్టి కూర్చున్నాను. ఆ పేజీలో ఉన్నదంతా అట్లా రాసిందే. ఎడమ అన్నదల్లా కుడి, కుడి అన్నదల్లా ఎడమ. టైపింగ్ తప్పు కాదు జహూర్ భాయ్. అమ్మాయి సరిగ్గానే కొట్టింది. నేను రాసిందే కొట్టింది."

జహూర్ ఆయన్ను కొడతాడనే అనుకున్నాడు. కొట్టలేదు. ఒకసారి కళ్ళల్లోకి చూశాడు, అంతే. మూడు నాలుగు క్షణాలు. తర్వాత ఎవరి కోసమూ ఆగకుండా, వచ్చిన బాటన వెనక్కి పరుగులాంటి నడక అందుకున్నాడు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. దాని కోసం వంగలేదు.

కల్లం దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. దూలయ్య ఎడమ బాట మొదట్లో ఆగి వెంకటరామారావుకేసి తిరిగాడు.

"సదువు."

"ఏంటి?"

"నీ బుక్కు. ఆ పిల్ల దాన్ని సూసుకుంటనే పోయింది గదా. నువ్వు సదువు, నేను నడుస్త."

వెంకటరామారావు ఫోన్ తువ్వాలు కింద పెట్టుకుని చదివాడు. "కల్లం దగ్గర ఎడమకు తిరిగాను. కుడిచేతి పక్కన గుట్ట పెద్దన్నలా..."

"పూల మాటలద్దు. బాట సెప్పు."

"జంట ఇప్పచెట్ల దగ్గర కుడికి."

జంట ఇప్పలు ఈ బాటలో లేవు. వట్టి ఇప్పలు మాత్రం నలభై ఉంటాయి. దూలయ్య నడుస్తూనే ఆలోచించాడు. మాను చీలి రెండైన ఇప్ప ఒకటుంది, దూరం నుంచి చూస్తే రెండు చెట్లలాగే కనబడుతుంది, దాని పక్కనుంచి పశువుల బాట ఒకటి కుడికి పోతుంది అన్నాడు. అక్కడికి చేరారు. కుడి పక్కన మెత్తటి నేలలో, వాన ఇంకా చెరపని చోట, ఒక బూటు గుర్తు ఉంది. అంచులు పదునుగా, కొత్త బూటు. జహూర్ వంగి దాని మీద అరచెయ్యి పెట్టాడు. ఆ బూట్లు పోయిన నెల ఖమ్మంలో ఆయనే కొనిపెట్టాడు.

"సదువు," అన్నాడు దూలయ్య.

"వాగు తెల్లచీర ఆరేసినట్టు..." వెంకటరామారావు ఆ వాక్యం వదిలేసి కిందికి జరిపాడు. "వాగు ఇసుకలో దిగి ఎడమకు. ఇసుకలోనే గంటసేపు."

దూలయ్య అంతదాకా నడక ఆపలేదు. ఇప్పుడు ఆపాడు.

"ట్రాక్టర్ బాటల వాగు లేదు సారూ. మోకాల్లోతు వర్రె ఒకటున్నది, ఇసుక వర్రె. ట్రాక్టరు అండ్ల పది నిమిషాలు పోతది."

అవును. వర్రె అంటే చిన్నగా ఉందని వాగు అని రాశాడు. పది నిమిషాలు అంటే వినడానికి బాగుండదని గంట అని రాశాడు.

"గిక్కడ వాగున్నది," అన్నాడు దూలయ్య. "అసలు వాగే. ఎడమకంటే పైకి. ఇరుకు అంటం దాన్ని. రెండు దిక్కులా నిట్టనిలువు బండలు. నీళ్ళొస్తే ఎక్కేతందుకు జాగుండదు. జల్దీ నడువుండ్రి."

గుట్ట మలుపు తిరగ్గానే వాగు కనబడింది. ఎర్రటి నీళ్ళు ఇసుక మీద పల్చగా, చీలమండ లోతున పోతున్నాయి. వాటి మీద ఎండుపుల్లలు, నురుగు. పైనుంచి మొదటి నీళ్ళు వస్తున్న గుర్తు అది. దూలయ్య నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. పెద్ద నీళ్ళు వెనకాలే ఉన్నాయి, గంట కూడా పట్టదు అన్నాడు. ముగ్గురూ వాగులోనే ఎగువకు నడిచారు. పక్కలు ఎత్తవుతూ వచ్చాయి. ఆకాశం సన్నబడింది. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి, మోకాళ్ళకు తగిలాయి. జహూర్ గొంతు బొంగురుపోయింది, అయినా పిలుస్తున్నాడు. బండలు ఆ పేరునే తిప్పి కొడుతున్నాయి.

మూడో మలుపు దగ్గర, తిరిగొచ్చిన గొంతు జహూర్‌ది కాదు.

"అబ్బాజాన్."

అవతలి పక్క బండకు, మనిషెత్తున, చాపంత వెడల్పు అరుగు లాంటిది ఉంది. దాని మీద మెహ్రీన్ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కుడికాలి బూటు విప్పేసి ఉంది. చీలమండ గుమ్మడికాయలా వాచింది, ఆ కాలుతోనే ఎట్లాగో పైకి పాకినట్టుంది. చున్నీ తలకు చుట్టుకుని వణుకుతోంది. నడుమ వాగు పాతిక అడుగుల వెడల్పు. నీళ్ళు ఇప్పుడు తొడల దాకా, నడుమలో వడి.

జహూర్ నీళ్ళలోకి దూకబోతే దూలయ్య చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఆయన బరువు ఈ నీళ్ళకు లెక్కలేదని, బిడ్డతో పాటు ఆయన్ను కూడా ఈడ్చుకుపోతాయని కసిరాడు. తర్వాత వెంకటరామారావును పైనుంచి కింది దాకా చూశాడు.

"సారూ, నీ బరువుతోని ఇయ్యాల పనున్నది. నడుమల పోయి నిలబడు. కాళ్ళు ఎడంగ పెట్టు. నీళ్ళొచ్చే దిక్కు మొఖం పెట్టు. ఏమొచ్చినా కదలకు."

వెంకటరామారావు దిగాడు. నీళ్ళు చల్లగా, బరువుగా నడుముకు తగిలాయి. కాళ్ళ కింద ఇసుక కరిగిపోతోంది, మళ్ళీ మళ్ళీ తవ్వి పాతుకుంటున్నాడు. దూలయ్య కర్ర ఊనుకుంటూ ఆయన్ను దాటుకుని అవతలికి పోయాడు. ఎగువ నుంచి ఒక మొద్దు వచ్చి వెంకటరామారావు తొడకు గుద్దుకుని పక్కకు తిరిగి పోయింది. నొప్పికి కళ్ళకు చీకట్లు కమ్మాయి. కదల్లేదు. దూలయ్య మెహ్రీన్‌ను వీపున వేసుకుని దిగాడు. నాలుగడుగులు, ఐదు, ఆరు. ఏడో అడుగులో ముసలాయన కాలు జారింది. మెహ్రీన్ చెయ్యి గాల్లో వెతికి వెంకటరామారావు భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఆయన ఒక చేత్తో ఆ చేతిని, ఇంకో చేత్తో దూలయ్య జబ్బను పట్టుకుని, ఊపిరి బిగబట్టి అట్లాగే రాయిలా ఉన్నాడు. ముసలాయన కాలు మళ్ళీ నేలకు ఆనింది. ఇవతలి ఒడ్డున జహూర్ చేతులు చాపి ఉన్నాడు.

వాళ్ళు దూలయ్యకు ఒక్కడికే తెలిసిన సన్నటి సందులోంచి గుట్ట మీదికి ఎక్కి పావుగంట కాలేదు, కింద వాగు రంగు మారి, చప్పుడు మారి, ఆ అరుగును మింగేసింది. నలుగురూ చూశారు.

నిన్న నాగక్క కట్టిచ్చిన గంజి సీసాలో అడుగున మిగిలింది మెహ్రీన్ తాగింది. తర్వాత వెంకటరామారావుకేసి చూసి, తప్పు చేసిన పిల్లలా అడిగింది.

"అంకుల్, బుక్కులో ఉన్నట్టే వచ్చిన. గుట్ట కుడి పక్కనే ఉంది. జంట చెట్లు కనబడ్డయ్. వాగుల ఎడమకే తిరిగిన. మరి యాడ తప్పిన నేను?"

జహూర్ తల తిప్పుకుని అడవికేసి చూస్తున్నాడు. తాను చెప్పడు. అది వెంకటరామారావే చెప్పాలి.

"నువ్వు ఎక్కడా తప్పలేదమ్మా. నేను నడవకుండా రాశాను. ట్రాక్టరెక్కి, వెనక్కి తిరిగి కూర్చుని రాశాను."

ఆ అమ్మాయి ఒళ్ళోని సంచిలోంచి రెండు పాలిథిన్ కవర్లలో చుట్టిన పొట్లం తీసింది. పుస్తకం. చుక్క నీరు తగల్లేదు. ఫోను మాత్రం సంచి బయటి జేబులో తడిసి చచ్చిపోయి ఉంది. ఉన్న రెండు కవర్లూ పుస్తకానికే చుట్టింది.

"ఆ పేజీ టైపు కొట్టేటప్పుడు ఏడ్చిన అంకుల్," అంది.

పుస్తకాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

దూలయ్య, జహూర్ ఆమెను మార్చి మార్చి మోసుకుంటూ కల్లం దాకా తెచ్చారు. ఎందుకైనా మంచిదని నాగక్క పంపిన ట్రాక్టరు అక్కడ ఆగి ఉంది. ఊళ్ళో కారుంది, భద్రాచలం దవాఖానాకు రెండు గంటలు. మెహ్రీన్‌ను గడ్డి పరిచి పడుకోబెట్టారు. జహూర్ ఎక్కి పక్కన కూర్చున్నాడు. వెంకటరామారావు ట్రాలీ అంచు పట్టుకుని కాలు ఎత్తాడు.

"మీరు ఎక్కకుండ్రి రావుగారూ," అన్నాడు జహూర్. గొంతు పెంచలేదు. "నడిచి రండి. పర్ణశాల దాకా. ఎవరెవరికి పుస్తకం పంపినమో పేర్లు నా దగ్గరున్నయ్. మీరు వచ్చినంక ఒక్కొక్కలకు ఫోన్ చేద్దురు గానీ. నేను ముందట కూసుంట."

వెంకటరామారావు కాలు దించాడు.

మెహ్రీన్ గడ్డి మీంచి చెయ్యి చాపింది. చేతిలో పుస్తకం, దాని అట్టకు గుచ్చిన పెన్ను. ఇవ్వడానికి ముందు ఒక క్షణం ఆగింది. తర్వాత ఇచ్చింది.

ట్రాక్టరు పోయింది. కల్లం గుంజల దగ్గర, మట్టి దిబ్బ మీద నిలబడితే సిగ్నల్ ఒక్క గీత వస్తుందని దూలయ్య చెప్పాడు. వెంకటరామారావు దిబ్బ ఎక్కాడు. గ్రూపులో ఆయన వాయిస్ మెసేజ్‌లంటే అందరికీ నవ్వులాట, ఒక్కొక్కటి ఆరు నిమిషాలకు తగ్గదు. ఇది ముప్పై సెకన్లు కూడా లేదు.

"వెంకటరామారావును మాట్లాడుతున్నాను. అరవై ఒకటో పేజీలో రాసిన దారి నేను నడవలేదు. ట్రాక్టరు మీద పోయి నడిచానని రాశాను. కుడి ఎడమలు మొత్తం తప్పు. దాన్ని నమ్మి పోయిన అమ్మాయి ఇవాళ చావు తప్పించుకుంది. ఎవరూ ఆ పేజీ పట్టుకుని అడవిలోకి పోవద్దు. పుస్తకం ఎవరికైనా పంపించి ఉంటే వాళ్ళకు ఈ మెసేజ్ కూడా పంపండి."

ఒక టిక్కు పడింది. రెండోది పడేదాకా నిలబడ్డాడు. ఎవరో అప్పుడే ఏదో టైపు చేస్తున్నట్టు కనబడింది. చూడకుండా ఫోన్ జేబులో వేసుకున్నాడు.

దూలయ్య గుంజకు ఆనుకుని చుట్ట వెలిగించుకున్నాడు. వాన తెరిపిచ్చింది. తొడ మీద మొద్దు తగిలిన చోట వాపు మొదలైంది. పదకొండు కిలోమీటర్లు. వర్రెలో నీళ్ళు మోకాళ్ళ దాకా ఉంటాయి, దాటొచ్చు, పొద్దుగూకే లోపల రోడ్డెక్కొచ్చు అన్నాడు దూలయ్య.

"మీరెందుకు, అలిసిపోయారు," అన్నాడు వెంకటరామారావు.

"నిన్ను ఒక్కన్ని పంపితే మళ్ళ నిన్ను ఎతకాలె," అని దూలయ్య కర్ర అందుకున్నాడు. "నడువు. ముందుకు సూసుకుంట నడువు సారూ."

వెంకటరామారావు పుస్తకం తెరిచాడు. అరవై ఒకటో పేజీలో ఏ గీతా లేదు, మార్జిన్ శుభ్రంగా ఉంది. అడుగు ముందుకేసి, బాట కాలికి తగిలాక, ఆగి, 'ఎడమకు' అన్న మాటను కొట్టేశాడు. పైన 'కుడికి' అని రాశాడు. గుట్ట ఎడమ పక్కన ఉందో లేదో తల తిప్పి ఒకసారి చూసుకున్నాడు. పెద్దన్న అన్న మాటను కూడా కొట్టేశాడు.